అత్తమ్మ నాయిన తెచ్చిన గుండు మొన

మా అత్తమ్మ వాళ్ల నాయిన రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా దాకా పోయి, అక్కడి నుంచి ఫిరంగి గుండు ఇత్తడి మొన ఒకటి తెచ్చారట. లోపల మందు లేదని పోలీసులకు చూపించాకే ఇంట్లో ఉంచుకున్నాం. మా మరిది సైదులు మాత్రం ఆ కథ నమ్మడు.

"అమ్మా, తాత మన దేవరకొండ దాటి పోలే. గా మొన నిజాం ఫిరంగిది, పాత సామాన్ల దుకాణంల కొన్నడు" అని ఈ రోజు పొద్దున కూడా నవ్వాడు. అత్తమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది.

ఏటా దసరాకు దానికి పసుపు, కుంకుమ పెడతాం. తుడిచేస్తే మంచిది కాదని ఎవరూ కడగలేదు. మధ్యాహ్నం దండం పెట్టుకుని చింతపండుతో తోమాను. "AZ 23", పక్కన "MV" అన్న అక్షరాలు తేలాయి. కాగితం మీద రాసుకుని, ఫోన్‌లో ఒక్కో దేశం గుండ్లతో పోల్చాను. బ్రిటన్‌వి కలవలేదు, ఇటలీవీ కలవలేదు. జర్మనీది అచ్చంగా కలిసింది! ఆఫ్రికాలో మనవాళ్లు పోరాడింది ఆ జర్మనీతోనే.

సాయంత్రం ఫొటో చూపించి అడిగాను: "జర్మనోళ్లు దేవరకొండకు ఎప్పుడొచ్చిన్రు సైదులూ?"

సైదులు ఫోన్ తీసుకుని ఫొటో పెద్దది చేసి చూశాడు. అత్తమ్మ మాత్రం, "ఇంకోసారి జర గట్టిగ అడుగు బిడ్డా" అంది.

మీరు నవ్వి కొట్టిపారేసిన మీ పెద్దల మాట ఏది? రాయండి, నేను తీరికగానే ఉన్నాను.