మేం లేపి కట్టిన చేను

మా చిన్నప్పుడు తుపాను వెలిసిన మర్నాడు మా ఇంట్లో పొయ్యి కూడా వెలిగించలేదు... అందరం చేలోనే ఉన్నాం. ఇంకో వారంలో కోత అనగా వరి మొత్తం నీళ్లలో బోర్లా పడిపోయింది.

మాది వంశధార పక్క పల్లె. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న గట్టు మీద నిలబడి ఒక్కటే మాట అన్నాడు... "గవర్మెంటు సాయం వస్తే ఉంటాను. నేకపోతే మద్రాసు పనికెల్లిపోతాను." ఊళ్లో సగం మంది మగాళ్లు అప్పటికే అక్కడ మేడలు కట్టే కూలి పనిలో ఉన్నారు. నాన్న వెళ్లకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

నష్టం రాసుకోవడానికి రెండ్రోజుల్లో ఆఫీసరు వస్తాడని తెలిసింది. ఇక మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, ఊరుకుంటుందా! "పెద్దమనిషొస్తన్నాడు... సేను ఇలాగ పడుంటే ఏటి బాగుంటాదే? రా, పట్టు" అని నన్నూ అమ్మనీ చేలోకి దింపేసింది.

నాలుగు దుబ్బులు దగ్గరికి లాగడం, లేపడం, అదే గడ్డితో మెలితిప్పి కట్టడం... రెండు రోజులూ అదే పని. మోకాళ్ల దాకా బురద, కాళ్లకి జలగలు, ఆకు కోసుకుని చేతులు ఒకటే మంట. ఆఫీసరు నడిచేది గట్టు మీదే కదా అని గట్టు పక్క వరసలు ముందు కట్టాం. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే వాకిలి ఊడ్చి ముగ్గేసినట్టు... ఎంత మురిసిపోయానో! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆఫీసరు వచ్చాడు. గట్టు మీంచే చూశాడు. "ఇది నిలబడే ఉంది కదమ్మా" అన్నాడు.

మామ్మ ఒక కంకి తుంచి ఆయన చేతిలో పెట్టింది. "మేఁవే లేపి కట్టినాం బావూ! గింజ సూడండి, మొలకొచ్చీసినాది..."

"నిలబడ్డ చేనుకి నష్టం రాస్తే పైవాళ్లు నన్నడుగుతారమ్మా" అన్నాడాయన. చెడ్డవాడేం కాదు. మామ్మ ఇచ్చిన మజ్జిగ కూడా తాగి వెళ్లాడు.

పడిన చేను పడినట్టే వదిలేసిన పక్కవాళ్లకి సాయం వచ్చింది. మాకు రాలేదు. నూర్చి చూస్తే సగం తాలు, మిగతావి నల్లబడ్డ గింజలు. నాన్న సంచి సర్దుకున్నాడు. శ్రీకాకుళం బస్సెక్కేటప్పుడు ఆయన మామ్మ మొహం చూడలేదు... మామ్మా తలెత్తలేదు. చనిపోయేదాకా మామ్మ "నా సేతుల్తో నేనే పంపీసినాను" అంటూనే ఉంది. కష్టపడినందుకు శిక్షేమిటని నాకు ఇప్పటికీ కోపమే.

మొన్న తుపానుకి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ పొలం ఇప్పుడు వాడే చేస్తున్నాడు. చేను లేపావా అని అడిగాను. "ఏటి లేపడం అక్కా! నష్టం రాసీవోళ్లొచ్చి ఫొటో తీసీదాకా ముట్టుకోను. మామ్మ సేసిన పని నేను సెయ్యను" అన్నాడు.

ఆరో రోజుకి కూడా ఎవరూ రాలేదు. నీళ్లలో గింజ మొలకెత్తిపోతోంది. వాడు గొడుగేసుకుని గట్టు మీదే కూర్చున్నాడట... లేపితే కాస్తయినా దక్కుతుంది. కానీ లేపమని నేనెలా చెప్పను?

మీ ఊళ్లలో పడిన చేను లేపుతున్నారా, ఫొటో కోసం ఆగుతున్నారా... ఎవరైనా చెప్పండి. అప్పుడు చేను లేపి నాన్నని పంపేశాం. ఇప్పుడు లేపకుండా తమ్ముడు కూర్చున్నాడు... నాన్నతో మద్రాసు వెళ్లి తిరిగొచ్చిన ఆ సంచి ఇంకా ఇంట్లోనే ఉందా అని వాణ్ని అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.