ఈ వారం మీరు చదివినవి

మా పిన్నిది లిఫ్టు నడిపే ఉద్యోగం. ఏడంతస్తుల ఆఫీసు భవనంలో ఇరవై రెండేళ్లుగా అదే ఇనప స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందికీ చేరుస్తోంది. అదే భవనంలో నాలుగో అంతస్తులో నాకు టైపింగు పని దొరికినప్పటి నుంచి రోజూ ఆమె లిఫ్టే ఎక్కుతున్నాను. ఇంట్లో నోరు మెదపని మనిషి, లిఫ్టులో మాత్రం మహారాణి. ఎంత పెద్ద ఆఫీసరైనా పిన్ని "లోపలికి జరగండి, తలుపు పడాలి" అందంటే జరగాల్సిందే.

ఆమెకి చదువు పిచ్చి. బడి పదో తరగతితో మాన్పించారు గానీ పిచ్చిని మాన్పించలేకపోయారు. చిక్కల్లా లిఫ్టులో సిగ్నలు ఉండకపోవడమే. తలుపు మూసుకుంటే ఫోను ఉన్నా లేనట్టే. అందుకే ఆమెకి ఒక సైటు ప్రాణంతో సమానమైంది. కంటపడ్డ వ్యాసాన్ని అందులో దాచుకుంటే తర్వాత నెట్ లేకపోయినా తీరిగ్గా చదువుకోవచ్చు. కింది నుంచి ఏడో అంతస్తుకి ఒక పేరా. మధ్యలో ఎవరైనా ఎక్కితే అర పేరా. అలా ఆరేళ్లలో ఆరువందల పన్నెండు వ్యాసాలు దాచింది.

ఆ ఖాతా తెరిచింది మా నాన్న. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉంటాం. నాన్న రిటైరైన హెడ్‌గుమాస్తా, ఇంట్లో చిన్న చీటీ అయినా తన చేతి మీదుగా పోవాలనే మనిషి. "నీకెందుకమ్మా ఆ తిప్పలు, నేను చేసిస్తాగా" అని తమ్ముడి భార్యకి తన పేరుతో, తన ఈమెయిలుతో ఖాతా తెరిచి, పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చారు. పిన్ని అప్పుడు తెగ సంబరపడింది.

ఈ ఏడాది మొదట్లో సైటువాళ్లు ఓ కొత్త ముచ్చట మొదలెట్టారు. ప్రతి ఆదివారం ఒక ఉత్తరం పంపిస్తారు, పైన "ఈ వారం మీరు చదివినవి" అని ఉంటుంది. ఈమెయిలు నాన్నది కాబట్టి ఆ ఉత్తరం నాన్నకే వచ్చేది. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కళ్లజోడు సవరించుకుని, ఆఫీసు ఆర్డరు చదివినట్టు చదివేవారు. "ఈ వారం మా మరదలు కనిపెట్టిన సంగతి, ఆక్టోపస్‌కి మూడు గుండెలట!" అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను, కాదనను.

ఒక ఆదివారం నాన్న అదే గొంతుతో, "నెలసరి ఆగిపోయే వయసులో ఒంటికి ఏమవుతుంది? అబ్బో, మూడుసార్లు చదివిందట!" అని పైకే చదివేశారు. బాబాయి కంచంలోకి చూశాడు. అమ్మ తల వంచేసుకుంది. పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. నాన్న అక్కడితో ఊరుకున్నారా? "ఇలాంటివి చదివి లేనిపోని జబ్బులు తెచ్చిపెట్టుకోకు తల్లీ" అని ఉచిత సలహా కూడా పారేశారు. ఆ రోజు నేను నవ్వలేదు. అలాగని నోరు విప్పిందీ లేదు. అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

తర్వాత మూడు నెలలు పిన్ని పూలమొక్కల గురించి చదివింది. బట్టల మీద మరకలు పోగొట్టే ఉపాయాలు చదివింది.

"నీకు మొక్కలంటే పడదుగా పిన్నీ?" అని ఒకరోజు లిఫ్టులో అడిగాను.

"మీ నాన్న బల్ల దగ్గర చదవడానికి బాగుంటాయని చదువుతున్నానే" అంది. నా అంతస్తు దాటిపోయింది, ఇద్దరం గమనించలేదు. "ఆరేళ్లు నాకోసం దాచుకున్నవి. తెరవాలంటే ఇప్పుడు భయం. నేనెందుకు భయపడాలి? ఏం దొంగతనం చేశానని?"

"ఫోనిటివ్వు, సెట్టింగులు నేను మార్చేస్తా."

"వద్దు. ఒకసారి ఒకళ్ల చేతికిచ్చినందుకే ఈ గతి పట్టింది. నేనే మారుస్తా."

తలుపు తెరుచుకున్నప్పుడు సిగ్నలు వస్తుంది కాబట్టి అంతస్తుకో సెట్టింగు చొప్పున చూసింది. మొట్టమొదట వారపు ఉత్తరం ఆపేసింది. లిఫ్టు మనిషి కదా, మీట నొక్కితే పని అయిపోయినట్టే అనుకుంది. ఇక్కడ మీట ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. "మీ వారపు ఉత్తరం ఆపేశాం. ఆపింది మీరు కాకపోతే ఇక్కడ నొక్కండి" అని నాన్నకు కబురు వెళ్లింది. ఆయన నొక్కారు. ఈమె మళ్లీ ఆపింది, ఆయన మళ్లీ నొక్కారు. నాలుగుసార్లు జరిగాక ఈమెయిలే మార్చబోయింది. దానికీ పాత ఈమెయిలు నుంచి ఒప్పుకోలు కావాలట.

ఆ సాయంత్రం నాన్న మీసం దువ్వుకుంటూ, "నేను ఊ అనందే ఒక్క అక్షరం కదలదు. ఇంటికి పెద్దవాణ్ని. ఎవరేం చదువుతున్నారో నాకు తెలియాలా, వద్దా?" అన్నారు.

"అక్కర్లేదు బావగారూ" అంది పిన్ని.

మా ఇంట్లో నాన్నకి ఎవరూ అలా జవాబు చెప్పలేదు. ఆయన ఒంటికాలి మీద లేచారు. "అయితే అసలు ఖాతానే మూసిపారేస్తా. ఆదివారం భోజనాలవగానే, అందరి ముందూ!" అన్నారు. ఆరువందల పన్నెండు వ్యాసాలూ గాల్లో కలిసిపోతాయన్నమాట.

శుక్రవారం నేను వెళ్లేసరికి కింది అంతస్తులో లిఫ్టు తలుపుకి స్టూలు అడ్డం పెట్టి ఉంది. పిన్ని లోపల నిలబడి సెట్టింగుల పేజీ అట్టడుగు దాకా చదువుతోంది. అక్కడ ఒక వరుస ఉంది, దాచుకున్నవన్నీ ఒక ఫైలుగా తీసుకెళ్లవచ్చని, దానికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదని. పిన్ని తన పేరుతో, జన్మలో మొదటిసారి, ఒక ఈమెయిలు తెరిచింది. దాంతో కొత్త ఖాతా తెరిచింది. పాస్‌వర్డు పెట్టేటప్పుడు నన్ను కూడా "అటు తిరుగు" అంది. తిరిగాను.

బయట జనం పోగయ్యారు. ఒక ఆఫీసరు, "ఏమ్మా, లిఫ్టు చెడిందా?" అన్నాడు.

"చెడలేదండీ. నాకు పనుంది. మెట్లున్నాయి, వెళ్లండి" అంది పిన్ని తల ఎత్తకుండానే.

పదకొండు నిమిషాలు పట్టింది. ఆరువందల పన్నెండూ కొత్త ఖాతాలోకి వచ్చాయి. పాత దాంట్లో ఒక్కటీ మిగల్చకుండా తుడిచేసింది. కొత్త ఖాతాలో వారపు ఉత్తరం ఆపుతుందనుకున్నాను, ఆపలేదు. "రానీ. ఈసారి నాకే వస్తుందిగా" అని స్టూలు లోపలికి లాక్కుంది.

ఆదివారం నాన్న ఫోను తీసి, ఖాతా మూసేముందు అలవాటు కొద్దీ ఉత్తరం అందుకున్నారు. "ఈ వారం మీరు చదివినవి... ఏమీ లేవు. దాచుకున్నవి, సున్నా. ఏమిటిది?"

"అది మీ ఖాతా కదా బావగారూ. మీ పేరు, మీ ఈమెయిలు. మీరేమీ చదవలేదట" అంది పిన్ని.

బాబాయికి పొలమారింది. నాన్న ముఖం కందగడ్డైంది. "నలుగురిలో చెప్పుకోలేని చదువు ఎందుకూ అంట!"

"చెప్పుకోలేకేం?" పిన్ని తన ఫోను తీసింది. లిఫ్టులో "లోపలికి జరగండి" అనే గొంతుతో తన ఉత్తరం చదివింది. "ఈ వారం మీరు చదివినవి. నెలసరి ఆగిపోయే వయసులో ఒంటికి ఏమవుతుంది? నాలుగోసారి." చదివి, ఫోను బల్ల మీద పెట్టి, అన్నం కలుపుకుంది.

మా అమ్మ అంది, ఈసారి తల వంచుకోకుండా.

"అది నాక్కూడా పంపవే. రెండేళ్ల నుంచి ఒళ్లంతా ఉండుండి ఆవిర్లు. ఎవర్ని అడగాలో తెలీక ఊరుకున్నా."

నాన్న అమ్మ వైపు చూశారు. ఆ సంగతి ఆయనకి తెలియదని ఆయన ముఖమే చెప్పింది. ఇంట్లో ఎవరేం చదువుతున్నారో అన్నీ తెలిసిన మనిషి.

"ముందు నీ పేరు మీద ఒక ఈమెయిలు ఉండాలక్కా" అంది పిన్ని.

"నువ్వే చేసిపెట్టవే."

"చెయ్యను. పక్కన కూర్చుంటాను. నువ్వే చెయ్యి."

అమ్మ చెయ్యి కడుక్కుని ఫోను తెచ్చుకుంది.