పప్పుకు తెచ్చిన గింజ

ఇన్నేళ్లుగా కొన్ని సంచుల మినుములు నా గుండె మీద ఉన్నాయి. దించుకునే ధైర్యం లేదు. మోస్తున్నానన్న మాటా నిజం కాదేమో, లేకపోతే ఇంత ఒళ్లు చేసేవాణ్ణా?

మాది తెనాలిలో పప్పు మిల్లు. ఇక్కడి పంట సరిపోని ఏడాది బర్మా మినుములే మా మరలు తిప్పుతాయి. దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి వాటికి దిగుమతి సుంకం లేదు. వ్యాపారుల సభలో మైకు దొరికితే చాలు, నేను మొదలుపెడతాను: మనలాంటి బీద దేశాలు ఒకదానికొకటి తలుపులు తీసి పెట్టుకుంటే అక్కడి రైతుకు బేరం, ఇక్కడి కూలీకి పని, ఇడ్లీ బండి నడిపే మనిషికి చవకగా పప్పు. అందులో అబద్ధం లేదు. ఇప్పటికీ నమ్ముతాను. అందుకే నా మీద నాకు మరీ అసహ్యం.

పిట్టలవానిపాలెంలో కౌలు చేసే శేషయ్య నాకు వరసకు బాబాయి. ఆయన చెయ్యి మంచిదని పేరు. వరి కోతల ముందు చేలో మినుములు చల్లాలంటే చుట్టుపక్కల వాళ్లు ఆయన్నే పిలిచేవారు. ఒక ఏడు తనకూ, వాళ్లందరికీ కలిపి విత్తనానికి మా మిల్లుకొచ్చాడు. నా దగ్గర నాటు విత్తనం అయిపోయింది. లేదని చెబితే రేపల్లె వెళ్లి తెచ్చుకునేవాడు. బేరం పోతుందని, పప్పు ఆడించడానికి తెచ్చిన బర్మా గింజనే సంచులకెత్తించి నాటుదని ఇచ్చాను. ఆయన గుప్పెడు తీసి చూడనైనా లేదు. ఇచ్చింది నేను కదా.

మొలిచింది. మన దగ్గరి తెగులును తట్టుకునే రకం కాదది. ఆకులు పసుపెక్కి, కాయ నిలవక, ఆయన చల్లిన చేలన్నీ పోయాయి.

“విత్తనంలో ఏవన్నా తేడా ఉందంటావా అబ్బాయ్?” అన్నాడు మిల్లుకొచ్చి.

“మన దగ్గర తేడా ఏంటి బాబాయ్? ఈసారి నీ చెయ్యే కలిసిరాలేదేమో.”

ఆయన అరచేతులు చూసుకున్నాడు. “అంతేనేమోలే” అన్నాడు.

ఎందుకన్నాను? వానలనో, ఎండలనో అనొచ్చుగా? సాకులకేం కరువు? ఆ మనిషికి ఉన్నదే ఆ ఒక్క పేరు, దాని మీదే ఎందుకు పడ్డాను? మళ్లీ ఆయన్ని ఎవరూ చేలోకి పిలవలేదు. ఆయన కౌలూ వదిలేశాడు.

బర్మా సరుకు రానిచ్చి రైతును ముంచారని ఊళ్లో ఎవరో అంటే, మైకులో దాన్నే మెచ్చుకునే నేను అక్కడ కూర్చుని తలూపాను. దేశాల ఒప్పందం ఏం చేసింది పాపం? పప్పుకని వచ్చిన గింజను విత్తనమని అమ్మమందా? ఆ మోసం ఏ ఓడలోనూ రాలేదు. అచ్చంగా తెనాలి సరుకు.

మొన్న బాపట్లలో ఒక పెళ్లికి వెళితే కల్యాణమండపం గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనే. నన్ను గుర్తుపట్టి నవ్వి, నా కారుకు నీడలో చోటు చూపించాడు. అప్పుడైనా చెప్పొచ్చు. ఆరోగ్యం జాగ్రత్త బాబాయ్ అని లోపలికి పోయాను. భోజనం కూడా చేశాను.

ఆయన చేతిలో ఏ తప్పూ లేదు. ఈ మాట ఆయనకు చెప్పాలి, మీకు చెప్పాను, అదీ పేరు దాచుకుని. రాశాక ఇవాళ కాస్త ఊపిరి ఆడుతోంది. ఈ సుఖం కూడా నాకే.