తూర్పుకు పొంగిన పాలు

శామీర్‌పేట వైపు సెక్టార్ సూపర్‌వైజర్‌గా నాకు పోస్టింగ్ వచ్చింది రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో. సూపర్‌వైజర్ అంటే అంగన్‌వాడీ టీచర్‌కు పైన, ప్రాజెక్టు ఆఫీసర్‌కు కింద ఉండే మనిషి. కిందివాళ్ల గోడు పైకి, పైవాళ్ల కోపం కిందికి చేరవేయడం మా ప్రధాన విధి. ఇందుకు జీపు ఇవ్వరు. షేర్ ఆటో ఉండనే ఉంది.

అలియాబాద్ దాటాక ఒక ఊరు, పేరెందుకు లెండి. అక్కడి అంగన్‌వాడీ అద్దె రేకుల గదిలో నడిచేది. పిల్లలు పడుకునే చోటు లేక మధ్యాహ్నం అన్నం, గుడ్డు పెట్టి ఇంటికి పంపేవారు. తల్లులేమో సాయంత్రం దాకా లేఅవుట్లలో కూలి పనిలో ఉంటారు. ఈ సంగతి పైవాళ్లకు కాస్త ఆలస్యంగా తెలిసినట్టుంది. చివరికి పంచాయతీ కొత్త భవనం కట్టాలనీ, అందులో చంటిపిల్లలతో సహా అందరినీ సాయంత్రం దాకా ఉచితంగా చూసుకోవాలనీ ఉత్తర్వు వచ్చింది. రెండో ఆయాను కూడా ఇచ్చారు. భవనం పూర్తయింది. గోడలమీద ఏనుగులు, నెమళ్లు వేయించారు. తర్వాత తాళం వేశారు.

కారణం ఓపెనింగ్ కాకపోవడం. సర్పంచ్ గారు ప్లాట్ల వ్యాపారం చేసే పెద్దమనిషి. పంతులును అడగనిదే బోరు కూడా వేయించరు. "గింత మంచిగ కట్టినం, రిబ్బన్ కట్ గాకుంటే ఎట్ల మేడం?" అన్నారు. ముఖ్య అతిథి డేటు ఇవ్వకముందే ఆషాఢం వచ్చి పడింది. ఇక శ్రావణం దాకా ఆగాలట. ప్రాజెక్టు ఆఫీసర్‌కు నివేదిక పంపాను. ప్రారంభం కాని భవనాన్ని పంచాయతీ అప్పగించదు, అప్పగించని భవనంలో మనం కేంద్రం ప్రారంభించలేము అని జవాబు వచ్చింది. అంత స్పష్టమైన జవాబు నా సర్వీసులోనే అరుదు.

ఈ లోపల యాదమ్మ అనే కూలి తల్లి పరేషాన్ అయింది. ఆమె మేస్త్రి దగ్గర ఇటుకలు మోసేది. రెండేళ్ల కొడుకును వెంట తీసుకుపోయేది. వాడొకనాడు మూతలేని నీళ్ల సంపు అంచుకు చేరాడు. ఎవరో చూసి లాగారు. పిల్లవాణ్ని తెస్తే పనికి రావద్దని మేస్త్రి చెప్పేశాడు. ఆమె నా దగ్గరికి వచ్చి, "గా ఏనుగుల బొమ్మల ఇల్లు ఖాళీగనే ఉన్నది గద మేడం, మా పోరన్ని ఆడ పండవెడితే ఏం బోతది?" అని అడిగింది. రూలు చెప్పాను. చెబుతుంటే నాకే కోపం వచ్చింది.

వారం తిరగకుండా టీచర్ సుజాత ఫోన్ చేసి, "జల్దీ రండ్రి మేడం" అంది. బియ్యం కోసమని తాళంచెవి ఆమె దగ్గరే ఉండేది. రేకుల గదిలో ముక్కిపోతున్నాయని బియ్యాన్ని అప్పటికే కొత్త భవనంలోకి మార్చారు. బియ్యానికి ఓపెనింగ్ అక్కర్లేదు కదా.

నేను వెళ్లేసరికి గడప ముందు మూడు రాళ్ల పొయ్యి, పాలగిన్నె కనిపించాయి. యాదమ్మ, తోటి తల్లులు కలిసి పాలు పొంగించేశారు. పిల్లలు లోపల ఏనుగులను గోకుతున్నారు. సర్పంచ్ గారు మండిపడుతూ వచ్చారు. "ఆషాఢంల పాలు పొంగిస్తరా? ఎవలను అడిగిన్రు?"

యాదమ్మ తొణకలేదు. "తప్పయితే పొల్లగాండ్లను మీరే బయటికి ఎల్లగొట్టుండ్రి సర్పంచ్ సాబ్. పాలు పొంగినంక ఎల్లగొడితే కీడు ఎవలికి తాకుతదో పంతులును అడుగుండ్రి."

ఆయన పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి, పాలు ఎటు పొంగాయని మెల్లగా అడిగారు. తూర్పుకేనని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. మా శాఖ చేయలేని అప్పగింత అలా జరిగిపోయింది.

శ్రావణంలో ముఖ్య అతిథి వచ్చారు. పిల్లలను కాసేపు బయట నిలబెట్టి, తలుపుకు రిబ్బన్ కట్టారు. నిద్రపోతున్న యాదమ్మ కొడుకును మాత్రం లేపనని ఆయా మొండికేసింది. దాంతో వాడు లోపల గుర్రుపెడుతుండగానే కేంద్రం ప్రారంభమైంది. ఆ తేదీనే శిలాఫలకం మీద చెక్కించారు.

తల్లులను ముందు వరుసలో కూర్చోబెట్టమని నాకు ఆదేశం. యాదమ్మ కోసం వెతికాను. రాలేదు, పనికి పోయింది. పిల్లల కేంద్రం నడుస్తోందో లేదో తెలియాలంటే సభకు రాని తల్లులను లెక్కపెట్టుకోవాలని నాకు ఆ రోజు అర్థమైంది. నివేదికలో మాత్రం తల్లుల హాజరు తక్కువ అని రాయాల్సి వచ్చింది.