చెలో లేని ఆదివారం

1926. రంగూన్‌లో వానలు ముదిరిన రోజులు. పబేడాన్ పేటలోని ఒక సినిమా హాల్లో నేను వయొలిన్ వాయించేవాణ్ణి. అప్పటి బొమ్మలకు మాటల్లేవు. తెర ముందు గుంటలో, అంటే ‘పిట్’లో కూర్చుని మేం ముగ్గురం వాయిస్తేనే హాల్లో సంగీతం. పియానో గోవా డిమెల్లోది, చెలో, అంటే కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు, బర్మా అతను కో బటిన్‌ది. వాళ్ల మాటలో ‘కో’ అంటే అన్న. ఈ ముగ్గురి జట్టును ‘పియానో ట్రయో’ అంటారు.

పియానో మోగి వెంటనే చల్లారిపోతుంది. ఆ నాదాన్ని పైన వయొలిన్, కింద చెలో పట్టి నిలబెట్టాలి. ట్రయోలో ఎవరూ యజమాని కాదు, పాట ఒకరి చేతిలోంచి ఒకరికి పోతుంది. ఏ బొమ్మ ఆడినా ఏడుపు ఘట్టానికి మేం వాయించే నెమ్మది పాట, ‘స్లో మూవ్‌మెంట్’, ఒక్కటే. అందులో పాటంతా చెలోదే.

మేనేజరు కాకినాడవాడు, మనవాడే. ఒక శనివారం పిట్‌లోకి తొంగిచూసి, “అప్పన్నా, రేపట్నుంచి చెలో అక్కర్లేదు. పియానో ఎడమచెయ్యి కింది స్వరాల్లో ఎలాగూ బుయ్యిమంటోందిగా!” అన్నాడు.

“అదేటండీ! ఏడుపు పాటంతా చెలోదే కదా?”

“ముందు బెంచీల్లో కూచునేది రేవు కూలీలయ్యా. మూటలు మోసేవాళ్లకి చెలో ఏమిటి, చింతకాయేమిటి!”

నాకు ఒళ్లు మండిపోయింది. మా నాన్న ఆ రేవులోనే మూటలు మోశాడు.

కో బటిన్ మాత్రం చెలో తుడుచుకుంటూ, మాతో తిరిగి అబ్బిన తెలుగులో, “సోమవారం ఇన్సేన్ పోతాను, కో అప్పన్నా. రైలు వర్క్‌షాపులో బావమరిది పనిప్పిస్తానన్నాడు. సుత్తి పని,” అన్నాడు. సుత్తితో మొద్దుబారిన వేళ్లు మళ్లీ చెలో తీగల మీద ఆడవు. ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. చెలో పాట నన్నే వయొలిన్ మీద ఎత్తుకోమని మేనేజరు ఆజ్ఞ. తెర మీద తల్లి బిడ్డను విడిచిపోతోంది. నేను వాయించనని డిమెల్లోకి ముందే చెప్పి ఉంచాను. అతను మొదలుపెట్టాడు, నేను వయొలిన్ ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను. కింద పియానో మోగుతోంది గాని పైన పాట లేదు.

మేనేజరు పరుగున వచ్చి పళ్లు నూరాడు. “వాయించవేం? పొగరా?”

“పొగరే! ఆ పాట నాది కాదు. పొమ్మన్నారు కదా, అతన్నే అడగండి!”

ముందు బెంచీల్లో గోల లేచింది. “ఏటైపోనాది? ఆ పెద్ద ఫిడేలు బాబేడి?” “అప్పన్న మావా, మా పాటేదీ?”

అంతలో ఎవరో ఆడమనిషి కూనిరాగం అందుకుంది. చెలో పాటే! పక్కవాడు ఈల కలిపాడు. ఆ బెంచీ, దాని వెనక బెంచీ. అక్కడక్కడ తప్పుతున్నారు, వాళ్లకోసం డిమెల్లో నెమ్మదించాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం తగ్గలేదు.

మర్నాడు పొద్దున్నే, కో బటిన్ ఇన్సేన్ రైలెక్కకముందే, మేనేజరు అతనికి కబురంపాడు. “జనం గోల పడలేక పిలిచాను,” అన్నాడే తప్ప, తప్పయిందని అనలేదు. ఆ సాయంత్రం ఆటకి చెలో మళ్లీ పిట్‌లోకి వచ్చింది.

“వాళ్లకేం తెలుస్తుందిలే” అనే మాటని నమ్మకూడదని ఆ ఆదివారం నేర్చుకున్నాను. ఆ మేనేజరు దగ్గర ఇంకా చాలాకాలం పనిచేశాను. ఎదురుపడితే అతనే ముందు పలకరించేవాడు. నేను మాత్రం ఒక్కనాడూ అతనికి నమస్కారం పెట్టలేదు.