ఫిల్మ్ నగర్ గుట్ట మీది ఎర్ర తొండ

మొన్న మా చిన్నది బడి ప్రాజెక్టుకని తెచ్చిన రంగుల కాగితం మీద, పాత రాతిగోడకు కరుచుకుని ఎండ కాగుతున్న ఇటలీ బల్లి ఉంది. మగదానికి రంగెక్కువట, తోక తెగితే మళ్ళీ మొలుస్తుందట, చలికాలం సందుల్లో దాక్కుంటుందట, అన్నీ గడగడా అప్పజెప్పింది. "మరి మన రాతి తొండ?" అంటే, "అదేంటమ్మా?" అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. పుట్టింది ఈ గుట్ట మీద, తెలిసింది సముద్రాల అవతలి బల్లి!

నా చిన్నప్పుడు ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి వెనక ఏనుగంత బండ ఉండేది. ఎండలు ముదిరాయంటే అమ్మ దాని మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టేది, సినిమాలకు దుస్తులు కుట్టే నాన్న ఆ బండ నీడన మిషను వేసుకునేవాడు, ఇంగువా పచ్చిమిర్చీ కాలిన రాయీ కలిసిన వాసనలో మగ తొండ వచ్చి బండ కొన మీద దర్జాగా కూర్చునేది. మామూలప్పుడు రాయి రంగే గానీ, వేసవిలో దాని వీపు నిప్పులా ఎర్రగా, పక్కలు కాటుక నలుపు. ఆడది పాపం ఏడాదంతా బూడిద రంగే. "ఇంత ఎరుపు గుడ్డ బజార్లో దొరకదే" అని నాన్న మురిసేవాడు. వడియాలకు చీమలు పట్టేవి, చీమల కోసం తొండ వచ్చేది, తొండ కోసం అమ్మ చీపురుతో వచ్చేది.

"వెధవ తొండ, వడియాలన్నీ నాకేస్తోంది!"

పక్కింటి లక్ష్మమ్మత్త గోడ మీంచి, "ఏందొదినా, జర ఎండ కాగనీ దాన్ని" అనేది.

చిన్నదానికి ఒక్క తొండనైనా చూపించి తీరాలని ఆదివారం జూబ్లీ హిల్స్ సందులన్నీ తిప్పాను. మా బండ ఉన్నచోట అపార్టుమెంటు సెల్లారు. ఒక బంగళాలో మాత్రం నిజం బండ మిగిలింది. దాని చుట్టూ పచ్చిక, రంగు లైట్లు, పొద్దస్తమానం నీటి తుంపర. వేడెక్కని రాయి మీద తొండ ఏం చేసుకుంటుంది, నా తలకాయ! గేటులోంచి తొంగి చూస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఎవరు గావాలె మేడమ్?"

"తొండ."

"తొండనా? నేనొచ్చినకాంచి ఒక్కటి గూడ జూడలే."

చిన్నదానికి విసుగొచ్చింది. "అసలు అదేం చేస్తుందమ్మా?"

చెబితే తెలుస్తుందా? కట్టుకున్న నీలం చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఫుట్‌పాత్ మీద రెండు చేతులూ ఆనించి, మెడ నిక్కించి, తన బండ మీదికి ఇంకో మగది రాకుండా అది ఎలా ఊగేదో అలాగే పైకీ కిందికీ ఊగి చూపించాను. కార్లు ఆగాయి. వాచ్‌మన్ నోరు తెరిచాడు. చిన్నది పగలబడి నవ్వింది.

ఇంటికొచ్చి బొమ్మ వేసింది. తొండకు నీలం చీర కట్టింది. ఏమనను? నా కూతురు చూసిన తొండ అదొక్కటే.