బావగారి రెండో గ్లాసు

మా బావగారు కారు నడపడం నేర్పుతారు. ఊళ్ళో సగం మంది ఆయన దగ్గరే నేర్చుకున్నారు. మిగతా సగం ఆయన తిట్లు పడలేక పక్క వీధి స్కూలుకి పోయారు. ఆయన బండి నెత్తిన పసుపుపచ్చ బోర్డు ఉంటుంది. పక్క సీటు ముందు ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చి ఉంటాయి. నేర్చుకునేవాడు తడబడితే ఈయన తన కాలితోనే బండి ఆపేస్తారు. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు తొక్కీ తొక్కీ ఆయన జోళ్ళలో కుడికాలిదే ఎప్పుడూ ముందు అరుగుతుంది.

ఇలాంటి మనిషికి వైను పిచ్చి ఎలా పట్టిందంటే, పరీక్ష పాసైన ఒక శిష్యుడు ఓ సీసా తెచ్చి చేతిలో పెట్టి దండం పెట్టాడు. ఆ రాత్రి దాన్ని చప్పరించి, "స్టార్టింగు బాగుంది కానీ మలుపు దగ్గర కంగారు పడుతోంది," అన్నారట. ఆ మాట ఆయనకే తెగ నచ్చింది. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం మా ఇంట్లో తీర్పులే.

పుస్తకాలు చదివి, ఖరీదైన సీసాలు కొని మాట్లాడే రకం కాదు మా బావగారు. కొనేది మూలమీది కొట్లో, సబ్బుల అరకీ బల్బుల అరకీ మధ్య ఉండే సీసా. ఒక్కోసారి సీసాకి బదులు వైను నింపి కుళాయి పెట్టిన అట్టపెట్టె. అయితే ఆ కుళాయి తిప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, చమురుబావి తవ్వుతున్నారనుకుంటారు. మరదల్ని, పైగా మేడమీద వాటాలో ఉంటాను కాబట్టి నాకు ప్రతి వారం పిలుపు వస్తుంది. ఎదురింటి ఫొటోగ్రాఫరుకీ వస్తుంది. పాపం ఆయన ఏది తాగినా, "ద్రాక్షపళ్ళ వాసనొస్తోందండీ," అంటాడు. ఇన్నాళ్ళలో ఆ గదిలో ఎవరైనా పలికిన నిజం అదొక్కటే.

బావగారి తీర్పులు ఇలా ఉంటాయి. "ఎర్రదే కానీ రోడ్డు మీద నిలకడ లేదు. ఫస్టు గేరులో బాగా లాగుతుంది, సెకండులో పడగానే దగ్గుతుంది." తెల్ల వైను గురించి, "దీనికి హారనెక్కువ, వేగం తక్కువ." గులాబీ రంగుది తాగి చాలాసేపు ఆలోచించి, "ఇది ఎటు తిరగాలో తేల్చుకోలేక రెండువైపులా ఇండికేటర్లు వేస్తోంది," అన్నారు. అట్టపెట్టె వైనుకి మటుకు, "గొంతులో అడ్డంగా పార్కు చేసింది," అని దగ్గుతూ చెప్పారు. మేం ముగ్గురం గంభీరంగా తలలాడించాం. నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. నాకు కనపడేది ఊదారంగు ఎక్కిన ఆయన పళ్ళు మాత్రమే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది ఇంకోచోట. ఎంత పుల్ల నీళ్ళలాంటి వైనైనా సరే, ఆయన దాన్ని వదిలిపెట్టరు. "తొందరపడకండి. మూత తియ్యగానే తీర్పు చెప్పేస్తే ఎలా? దానికీ కాస్త గాలి తగలాలి, బెరుకు పోవాలి. రెండో గ్లాసుకి చూడండి ఎలా సర్దుకుంటుందో," అంటారు. రెండో గ్లాసుకి సర్దుకోకపోతే మూడో గ్లాసు. ఆ ఓపికలో పిసరంత కూడా పొద్దున బండెక్కే శిష్యులకి దక్కదు. మా అక్కకైతే బొత్తిగా దక్కలేదు.

పెళ్ళైన కొత్తలో అక్క సరదాపడి నేర్పమంది. గేటు దగ్గర్నుంచి సందు చివరికి చేరకముందే ఈయన తన బ్రేకు తొక్కి బండి ఆపేశారు. "నీకు రోడ్డు మీద చూపు ఆనదు. నీ వల్ల కాదులే, దిగు," అన్నారు. అక్క దిగింది. ఆయన బండిని వెనక్కి నడుపుకుంటూ ఇంటికొచ్చారు. అక్క దాని పక్కనే నడుచుకుంటూ వచ్చింది. అరుగుల మీద జనం చూస్తున్నారని తల ఎత్తలేదట. ఆ మాట నాతో చెప్పినప్పుడు నవ్వుతూనే చెప్పింది, కానీ ఇప్పటికీ ఆ సందులో ఆయన పక్కన నడవదు.

అక్క మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఈమధ్య ఊరి బయట కట్టిన కొత్త ఆసుపత్రి వాళ్ళు పిలిచి, మందుల విభాగం మొత్తం నీ చేతిలో పెడతాం, సోమవారం వచ్చి చేరు, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం అన్నారు. ఆ దారిన బస్సు గోదాముల దాకానే పోతుంది. అక్కణ్ణుంచి అంతా ఖాళీ రోడ్డు, అద్దె బళ్ళు కూడా అటు రావు. కారుంటే తప్ప కుదరదు. విషయం విని బావగారు, "నేను దింపుదామంటే పొద్దున క్లాసులున్నాయి. వచ్చే ఏడు చూద్దాంలే," అనేశారు. ఆసుపత్రి ఈయన కోసం ఏడాదిపాటు మందులివ్వడం మానేస్తుందన్నట్టు.

ఆయనకి తెలియనిది ఒకటుంది. అక్క పక్క వీధి స్కూల్లో చేరి, దుకాణం నుంచి ఇంటికొచ్చే దారిలో రోజూ నేర్చుకుని, పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చి బట్టల బీరువాలో పెట్టుకుంది. ఇక మిగిలింది ఆయనకి చెప్పడం. ఎప్పుడు చెప్పాలా అని ఇద్దరం ఆలోచించాం. మొదటి గ్లాసు దగ్గర ఆయన పరీక్షాధికారి. మూడో గ్లాసు దగ్గర ఉపన్యాసకుడు. ఈ రెంటికీ నడుమ, రెండో గ్లాసు దగ్గర కాసేపు మనిషిగా ఉంటారు. అప్పుడే చెప్పాలని తేల్చుకున్నాం.

ఆ శనివారం వానపడుతోంది. బల్లమీద తెల్లకాగితం పరిచి, దానిమీద గ్లాసులు పెట్టారు, రంగు కనపడాలని. సీసాకి ఉన్నది తిప్పితే వచ్చే రేకు మూత. అయినా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. రేకు వాసన తప్ప ఏమొస్తుందో నాకు తెలియదు.

"ఊఁ," అన్నారు ఒక గుక్క నోట్లో తిప్పి. "క్లచ్చి ఒక్కసారిగా వదిలేసింది. చూశారా, ఎలా ఎగిరిపడిందో?"

"ద్రాక్షపళ్ళ వాసనొస్తోందండీ," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"అది సరేనయ్యా. లోపల భయం ఉంది దీనికి. కొత్తది కదా. అదిలిస్తే బెదిరిపోతుంది. మెల్లగా మచ్చిక చేసుకోవాలి."

అక్క నా వైపు చూసింది. రెండో గ్లాసు పోశారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మొహం మెత్తబడి, "చెప్పానా? దారిలో పడింది. మొదట్లో ఎవరికైనా తడబాటు ఉంటుంది," అన్నారు. ఇంతకన్నా మంచి సమయం రాదు. అక్క గొంతు సవరించుకుంది.

సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు ఫోను మోగింది. రేపు రావలసిన వాళ్ళ అత్తగారు ఇవాళే దిగిపోయారట. బస్టాండులో వానలో నిలబడి ఉన్నారట. పాపం ఆయన గ్లాసు కింద పెట్టి లేచి, తిరిగి కూర్చుని, మళ్ళీ లేచాడు. ట్యాక్సీకి ఫోను చేస్తే వానకి బళ్ళు లేవన్నారు. ఆయన భార్య స్నేహితురాలి పెళ్ళికని పొరుగూరు వెళ్ళింది. "అత్తయ్యని వానలో నిలబెట్టానని తెలిస్తే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదండీ," అన్నాడు.

ఒక్క విషయంలో మా బావగారిని మెచ్చుకోవాలి. చుక్క నోట్లో పడితే ఆయన తాళం ముట్టుకోరు. "నేను నడపను. నువ్వూ నడపకూడదు," అన్నారు. నాకు నడపడం రాదు. గదిలో అందరం కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాం.

"నేను తీసుకొస్తాను," అంది అక్క. ఆవిడ గ్లాసు పోసింది పోసినట్టే ఉంది.

బావగారు నవ్వారు. "నడిచా?"

అక్క లోపలికెళ్ళి లైసెన్సు తెచ్చి ఆయన గ్లాసు పక్కన పెట్టింది. ఆయన దాన్ని దీపం వైపు తిప్పి చూశారు. వైనుని కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా చూసి ఎరగరు.

"ఎవరు నేర్పారు?"

"పక్క వీధి ఆయన."

"వాడా?" ఒక్కసారిగా లేచారు. గ్లాసు తొణికి తెల్లకాగితం ఎర్రబడింది. "వాడికి రివర్సే రాదు! ఊళ్ళో వాళ్ళకి నేర్పే నన్నింట్లో పెట్టుకుని వాడి దగ్గరికి పోయావా? నా పరువేం కావాలి?"

"మిమ్మల్ని ముందే అడిగాను."

"అప్పుడు నీకు రాలేదు కాబట్టి రాదన్నాను. నా అనుభవంలో మొదటిసారి స్టీరింగు పట్టుకున్నప్పుడే తెలిసిపోతుంది..."

"ఏమండీ," అంది అక్క. గొంతు పెంచలేదు. "సబ్బుల పక్కన కొన్న సీసాకి మూడు గ్లాసుల దాకా అవకాశమిస్తారు. నాకు సందు చివరిదాకా కూడా ఇవ్వలేదు."

ఫొటోగ్రాఫరు ఖాళీ గ్లాసులోకి తీక్షణంగా చూస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. అన్నేళ్ళు దాచుకున్న మాటని ఆవిడ అంత మామూలుగా, ఉప్పందుకోమన్నట్టు చెప్పేసింది.

"సరే. నేను పక్కన కూర్చుంటాను," అన్నారు చివరికి బావగారు. "నా బండి కదా."

నేనూ ఫొటోగ్రాఫరూ వెనక కూర్చున్నాం. అక్క అద్దాలు సరిచూసుకుని, బెల్టు పెట్టుకుని, బండిని గేటులోంచి ఎక్కడా గీసుకోకుండా బయటికి తీసింది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగా అనిపించింది. పది గజాలు పోయామో లేదో బండి గుద్దుకున్నట్టు ఆగింది. ఎదురుగా ఏమీ లేదు. బావగారి కాలు బ్రేకు మీద ఉంది.

"కుక్క," అన్నారు. కుక్క రోడ్డుకి అవతల మెట్లమీద పడుకుని ఉంది.

అక్క మళ్ళీ కదిలించింది. మలుపు దగ్గర ఇంకోసారి ఆగింది. "గుంట." పాలబూతు దగ్గర మరోసారి. "ఏమో, ఎవరైనా రావచ్చు." ఆగినప్పుడల్లా ఫొటోగ్రాఫరు నుదురు ముందు సీటుకి కొట్టుకుంటోంది. దానికి తోడు బావగారి నోటి వెంట ఆగని ప్రవాహం. "అద్దం చూడు, వైపరు చూడు, వాణ్ణి పోనీ, నువ్వు పో, అయ్యయ్యో క్లచ్చి, నీకు చూపు ఆనదని నేను ఆనాడే..."

సిగ్నలు పచ్చబడింది. అక్క కదిలించబోయింది. ఈయన తొక్కారు. ఇంజను ఆగిపోయింది. వెనక బళ్ళన్నీ హారన్లు మోగించాయి. ఒకతను కిటికీ దించి, పసుపు బోర్డు చూసి, "నేర్చుకునేవాళ్ళని వానలో తీసుకొస్తావా పంతులూ?" అని బావగారిని కసిరిపోయాడు.

అక్క బండి స్టార్టు చేసి, కూడలి దాటించి, రోడ్డు వారగా ఆపింది. ఇంజను ఆపలేదు.

"దిగండి."

"ఏంటి?"

"దిగి వెనక్కెళ్ళి కూర్చోండి. మీ మరదలు ముందుకొస్తుంది."

"నా బండిలో నన్నే..."

"అత్తగారు వానలో ఉన్నారండీ," అన్నాడు ఫొటోగ్రాఫరు నుదురు రుద్దుకుంటూ. జీవితంలో మొదటిసారి ఆయన మా బావగారిని కాదన్నాడు.

బావగారు దిగారు. ఆ వానలో, అంత రోడ్డు మీద, ఎంతమంది శిష్యులు చూస్తున్నారో అన్నట్టు అటూ ఇటూ చూసి, వెనక తలుపు తీసి, లోపలికి దూరారు. అది ఆయనకి ఇరుకు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. నేను ముందుకొచ్చి కూర్చుని కాళ్ళు రెండూ సీటు కిందికి మడిచి పెట్టుకున్నాను, ఆ పెడళ్ళకి తగలకుండా. అక్కణ్ణుంచి బస్టాండు దాకా బండి ఒక్కసారి కూడా కుదుపు లేకుండా పోయింది. వెనక మాత్రం, అక్క బ్రేకు వేసినప్పుడల్లా, బావగారి జోడు ఉత్త నేలని తొక్కుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

అత్తగారు సంచీలు పట్టుకుని చూరు కింద నిలబడి ఉన్నారు. అల్లుడు దిగి సంచీలు అందుకున్నాడు. ఆవిడ ఎక్కబోతూ నెత్తిమీది బోర్డు చదివి, స్టీరింగు దగ్గర అక్కని చూసి, వెనక ఒదిగి కూర్చున్న మా బావగారిని చూసింది.

"ఈ వయసులో నేర్చుకుంటున్నావా నాయనా?" అంది ఆయన పక్కన సర్దుకుంటూ. "మంచిదే. మేడం చెప్పినట్టు విను."

ఈ తీర్పుకి బావగారు ఏం జవాబిస్తారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన మోకాళ్ళు ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "అలాగేనండీ," అన్నారు.

తిరుగుదారిలో వాన తగ్గింది. అత్తగారినీ అల్లుణ్ణీ ఎదురింటి ముందు దింపాం. ఆవిడ వెళ్తూ వెళ్తూ అక్క భుజం తట్టింది. ఇక మేం ముగ్గురమే మిగిలాం. వెనక సీటంతా ఖాళీ అయినా బావగారు జరగలేదు, ముందుకీ రాలేదు. అక్క బండిని రివర్సులో గేటులోకి తెస్తోంది.

"సోమవారం ఎన్నింటికి కావాలి బండి?" అని అడిగారు వెనకనుంచి.

"ఏడింటికి."

"ఏడింటికి నాకు క్లాసుంది."

"తెలుసు," అంది అక్క, అద్దంలో గేటు చూసుకుంటూ.